బోర్డు మీద ఆడిన ఆటను లీచెస్‌లో విప్పి చూడటం: ఒక సమీక్ష

లీచెస్ అనే చదరంగం సైటులో ఒక ఆటను కంప్యూటర్ విశ్లేషణకు పెడితే కాసేపట్లో ఒక గ్రాఫు, దాని పక్కన కొన్ని అంకెలు వస్తాయి. చిన్న పొరపాట్లు ఎన్ని, తప్పులు ఎన్ని, బ్లండర్లు (ఘోరమైన తప్పులు) ఎన్ని, సగటున ఎన్ని సెంటీపాన్ల (బంటు విలువలో నూరోవంతుల) నష్టం, కచ్చితత్వం ఎంత శాతం. క్లబ్ ఆటగాళ్ళలో చాలామంది ఆ అంకెలు చూసి, బ్లండర్ దగ్గర ఇంజిన్ (ఎత్తులు లెక్కకట్టే ప్రోగ్రామ్) సూచించిన ఎత్తు చూసి, "అరె, అక్కడ ఏనుగు కదపాల్సింది" అనుకుని పేజీ మూసేస్తారు. ఆ పేజీ మొత్తంలో అతి తక్కువ పనికొచ్చేవి ఆ అంకెలే. కొంచెం లోపలికి వెళ్తే, దాదాపు సమాన బలం ఉన్న ఇద్దరి మధ్య జరిగిన ఆటను నిజంగా విప్పి చూడటానికి కావలసిన పనిముట్లన్నీ అదే సైటులో ఉన్నాయి. ఈ సమీక్ష ఆ పనిముట్ల గురించే. బోర్డుకు అటూ ఇటూ కూర్చుని, గడియారం నొక్కుతూ, స్కోర్‌షీట్ రాస్తూ ఆడే ఆటను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆన్‌లైన్‌లో మూడు నిమిషాల బ్లిట్జ్ మాత్రమే ఆడేవాళ్ళకు ఇందులో సగం అక్కర్లేదు.

ముందు సేవ గురించి రెండు ముక్కలు. 2010లో థిబో డుప్లెసీ మొదలుపెట్టిన సైటు ఇది. సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. ఫ్రాన్స్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ విరాళాలతో నడుపుతోంది, ప్రకటనలు లేవు. విరాళం ఇచ్చినవాళ్ళకు పేరు పక్కన ఒక గుర్తు వస్తుంది తప్ప అదనపు సదుపాయం ఏదీ తెరుచుకోదు, అంటే విశ్లేషణలో ఏ భాగమూ డబ్బు కట్టినవాళ్ళకని దాచిపెట్టలేదు. విశ్లేషణ బోర్డు, బ్రౌజర్‌లో నడిచే ఇంజిన్ ఖాతా లేకుండానే వాడుకోవచ్చు. సర్వర్ చేత ఆట మొత్తాన్ని విశ్లేషింపజేయాలంటే మాత్రం ఖాతా ఉండాలి. ఆ పనిని వాలంటీర్లు తమ కంప్యూటర్లలో నడిపే స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ చేస్తుంది. అందుకే విన్నపాలకు ఒక పరిమితి పెట్టారు, కానీ వారానికి నాలుగైదు గంభీరమైన ఆటలు ఆడే మనిషికి అది ఎన్నడూ అడ్డురాదు.

స్కోర్‌షీట్ ఎక్కించడం

చేతిరాత స్కోర్‌షీట్‌ను ఫొటో తీసి పెడితే ఎత్తులు తనే చదువుకునే సదుపాయం ఇక్కడ లేదు. ఒక్కో ఎత్తూ బోర్డు మీద కదిపి ఎక్కించాల్సిందే. నలభై ఎత్తుల ఆటకు ఇది పది నిమిషాల పని. లోపంలా కనిపిస్తుంది గానీ, చేతితో ఎక్కిస్తున్నప్పుడే "ఇక్కడ ఎంతసేపు ఆలోచించాను, దేనికి భయపడ్డాను" అన్నది గుర్తుకొస్తుంది. ఆ గుర్తులు మరునాటికే సగం చెరిగిపోతాయి కాబట్టి ఆట అయిన రోజే ఎక్కించడం మంచిది.

నియమాలకు విరుద్ధమైన ఎత్తును బోర్డు తీసుకోదు. అందువల్ల స్కోర్‌షీట్‌లోని రాతతప్పులు ఇక్కడే బయటపడతాయి. ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. ఒకటి, ఒకే గడికి రెండు గుర్రాలో రెండు ఏనుగులో వెళ్ళగలిగినప్పుడు ఏది కదిలిందో రాయకపోవడం. డి2కు బి1 గుర్రం వచ్చిందా, ఎఫ్3 గుర్రం వెనక్కి వచ్చిందా అన్నది తేడాపడితే వెంటనే తెలియదు. ఐదారు ఎత్తుల తర్వాత ఎత్తు అసాధ్యమని తేలినప్పుడు వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. రెండోది, నల్ల పావులతో ఆడేవాళ్ళు బోర్డును తమ వైపు నుంచి చదివి గడిని తిప్పి రాయడం. ఇ5 అనాల్సింది డి4 అవుతుంది, ఎఫ్6 అనాల్సింది సి3 అవుతుంది. రాసిన గడి అసాధ్యమైతే ముందు దాన్ని నూట ఎనభై డిగ్రీలు తిప్పి చూడండి, సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. మూడోది, ఒక జత ఎత్తులు మొత్తంగా ఎగిరిపోవడం. ప్రత్యర్థి స్కోర్‌షీట్‌తో పోల్చుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

సమయం తక్కువపడ్డ ఆటల సంగతి వేరు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల ప్రకారం ఎత్తుకు కనీసం 30 సెకన్ల ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకూ కలిసే అదనపు సమయం) ఉంటే చివరిదాకా రాయాల్సిందే. అంత ఇంక్రిమెంట్ లేని ఆటలో గడియారంలో 5 నిమిషాలకన్నా తగ్గినవాళ్ళు ఆ దశలో రాయనక్కర్లేదు. అలాంటి ఆటల్లో 35వ ఎత్తు నుంచి కాగితం ఖాళీగా ఉంటుంది. మధ్యలో నాలుగైదు ఎత్తులు గుర్తురాకపోతే ఉన్నంతవరకు ఎక్కించి, గుర్తున్న తర్వాతి స్థానాన్ని ఎడిటర్‌లో పేర్చి కొత్త చాప్టర్‌గా (కింద చెప్పబోయే స్టడీలో ఒక భాగంగా) మొదలుపెట్టండి. అలా పేర్చినప్పుడు రెండు విషయాలు మరవకూడదు: ఎవరి వంతు అన్నది, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి కదలడం) హక్కు గడుల టిక్కులు. రాజు ఒకసారి కదిలి మళ్ళీ మొదటి గడికి చేరిన ఆటలో ఆ టిక్కు తీయకపోతే, లేని క్యాస్లింగ్ హక్కును ఇంజిన్ లెక్కలోకి తీసుకుని తప్పు విలువ చూపిస్తుంది.

గడియారం సమయాలు కూడా ఎక్కించండి. స్కోర్‌షీట్ మీద ఎత్తులతో పాటు గడియారం సమయాలు, డ్రా ప్రతిపాదనలు రాసుకోవడానికి నియమాలు అనుమతిస్తాయి. ప్రతి ఐదు ఎత్తులకు ఒకసారి మిగిలిన నిమిషాలు రాసుకుంటే చాలు. ఆ అంకెలను ఆయా ఎత్తుల కింద వ్యాఖ్యగా పెట్టుకోండి. బ్లండర్ పడ్డ చోట గడియారంలో 40 నిమిషాలున్నాయా, 40 సెకన్లున్నాయా అన్నది తెలియకుండా ఆ బ్లండర్‌కు మందు చెప్పలేం. సైటులోనే ఆడిన ఆటలకు ఈ సమయాలు తమంతట తామే వస్తాయి. కాగితం ఆటకు మనం రాస్తేనే ఉంటాయి.

స్టడీ: అసలు విలువ ఇక్కడే

ఆటను ఎక్కించడానికి సైటులో రెండు దారులున్నాయి. "ఇంపోర్ట్ గేమ్"లో పీజీఎన్ (ఆట ఎత్తులను అక్షరాల్లో రాసే ఫైలు రూపం) అతికించడం ఒకటి, స్టడీ (వ్యాఖ్యలతో ఆటలు దాచుకునే నోటుపుస్తకం లాంటిది) తెరిచి చాప్టర్‌గా చేర్చడం రెండోది. మొదటిది త్వరగా అవుతుంది కానీ అలా ఎక్కించిన ఆట అందరికీ అందుబాటులో ఉంటుంది. వచ్చే వారం ఆడబోయే ఓపెనింగ్ రహస్యం అందులో ఉంటే అది ఇబ్బందే. క్లబ్ ఆటగాడికి స్టడీయే సరైన దారి. ఒక స్టడీలో 64 చాప్టర్ల వరకు పెట్టుకోవచ్చు. ఒక టోర్నమెంట్‌కు ఒక స్టడీ, ఒక ఆటకు ఒక చాప్టర్ అని పెట్టుకుంటే సీజన్ అంతా చక్కగా సర్దుకుంటుంది. ఎవరు చూడొచ్చు అన్నది స్టడీ సెట్టింగుల్లో ఉంటుంది: అందరూ, లింకు ఉన్నవాళ్ళు, లేదా మీరు పిలిచినవాళ్ళు మాత్రమే.

అదే సెట్టింగుల్లో చాలామంది కన్ను పడని ఒక వరుస ఉంది. కంప్యూటర్ విశ్లేషణ ఎవరికి అనుమతించాలి అని అడుగుతుంది. దాన్ని "ఎవరికీ వద్దు" అని పెట్టండి. ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ (ఆరంభపు ఎత్తుల గణాంకాలు), టేబుల్‌బేస్ (కొద్ది పావులే మిగిలిన స్థానాలకు తేల్చిన జవాబులు), ఈ రెండిటికీ అలాంటి వరుసే వేరుగా ఉంది, దాన్నీ మూసేయండి. ఇక ఆ స్టడీలో ఇంజిన్ ఆన్ చేద్దామన్నా కుదరదు. ఇప్పుడు ఆటను మొదటి నుంచి నడిపిస్తూ ఆడేటప్పుడు మనసులో మెదిలిన ఎత్తులను వేరియేషన్లుగా (ఆటలో రాని పక్క దారులుగా) ఎక్కించండి. "19వ ఎత్తులో గుర్రం ఇ5 అనుకున్నాను, బిషప్‌తో కొడితే బంటు పోతుందని మానుకున్నాను" అన్నంత వివరంగా రాయాలి. ఇంజిన్ ఒక్కసారి చూశాక ఈ పని చేయలేరు. సరైన ఎత్తు తెలిసిపోయిన తర్వాత, దాన్ని ఆడేటప్పుడు చూశామా లేదా అన్నది మనకు మనమే నిజాయితీగా చెప్పుకోలేం. స్టాక్‌ఫిష్ ఎంత బలమైనదైనా, ఆ క్షణంలో మీ తలలో ఏముందో దానికి తెలియదు. ఆ ముక్క మీరు రాస్తేనే రికార్డులో ఉంటుంది.

ప్రత్యర్థిని కూడా సభ్యుడిగా చేర్చి రాసే హక్కు ఇస్తే ఈ పద్ధతి రెట్టింపు పనిచేస్తుంది. టోర్నమెంట్ హాల్ బయట ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడుకునే పోస్ట్‌మార్టమ్‌ను ఇక్కడ తీరిగ్గా, రాతపూర్వకంగా చేయొచ్చు. ఒకే స్థానం గురించి ఇద్దరి వ్యాఖ్యలు పక్కపక్కన పెడితే ఎంత తేలుతుందో చెప్పలేం. తెల్ల "ఇక్కడ నాకు ప్రమాదం" అని రాసిన చోటే నల్ల "నేను ఓడిపోతున్నాను" అని రాసి ఉంటుంది. ఏ ఇంజిన్ నివేదికా ఇది చూపించదు.

స్టడీలో రెండు బటన్లు తొందరగా అర్థం చేసుకోవాలి. రికార్డింగ్ బటన్ ఆన్‌లో ఉంటే మీరు కదిపిన ప్రతి పావూ చాప్టర్‌లో నిలిచిపోతుంది. సింక్ బటన్ ఆన్‌లో ఉన్నవాళ్ళంతా ఒకే స్థానం చూస్తుంటారు. కొత్తవాళ్ళు రికార్డింగ్ ఆన్‌లో పెట్టి ఊరికే పావులు జరిపి చూస్తారు, అరగంటలో చాప్టర్ పనికిరాని కొమ్మలతో నిండిపోతుంది. సరిచేయడం సులువే: అక్కర్లేని ఎత్తు మీద కుడి క్లిక్ చేసి అక్కడి నుంచి తొలగించవచ్చు, లేదా కొమ్మను పైకి తెచ్చి ప్రధాన వరుసగా మార్చవచ్చు. బోర్డు మీద కుడి క్లిక్ పట్టి లాగితే బాణాలు వస్తాయి, షిఫ్ట్, ఆల్ట్ మీటలతో వాటి రంగు మారుతుంది. ముప్పుకు ఎరుపు, పథకానికి ఆకుపచ్చ అని ఒక అలవాటు పెట్టుకుంటే నెలల తర్వాత చూసినా చదువుకోగలరు.

ఒక హెచ్చరిక. మీ మాటలు రాయడం అయ్యాక ఇంజిన్ వరుసను తిరిగి తెరిచి, స్టడీ చాప్టర్‌లోనే సర్వర్ విశ్లేషణ అడిగితే ఇంజిన్ గుర్తులు, వేరియేషన్లు మీ వ్యాఖ్యల మధ్యలోనే వచ్చి చేరతాయి. తర్వాత ఏది మీ మాట, ఏది యంత్రం మాట అన్నది ఏరుకోవడం పెద్ద పని. అడిగే ముందు చాప్టర్ పీజీఎన్‌ను కాపీ చేసి ఇంకో చాప్టర్ చేసుకోండి. ఒకటి మీ మాటలతో అలాగే ఉండాలి, రెండోది ఇంజిన్‌ది.

అంకెలు ఎలా చదవాలి

బ్లండర్ ముద్ర ఎన్ని సెంటీపాన్లు పోయాయన్న లెక్క మీద పడదు, గెలుపు అవకాశం ఎంత పడిపోయిందన్న దాని మీద పడుతుంది. లీచెస్ వాడే సూత్రంలో +1.00 (తెల్లకు సుమారు ఒక బంటు ఆధిక్యం) అంటే సుమారు 59 శాతం, +3.00 అంటే 75, +5.00 అంటే 86, +8.00 అంటే 95. అందుకే +8 నుంచి +5కు దిగితే మూడు బంట్ల విలువ పోయినా పడేది 9 శాతమే, చిన్న పొరపాటు ముద్రతో సరిపోతుంది. +1 నుంచి -1కి దిగితే పోయింది రెండు బంట్లే కానీ 59 కాస్తా 41 అవుతుంది, అది బ్లండర్. ఒక్కో ఎత్తు కచ్చితత్వాన్ని కూడా ఈ శాతం పడిపోవడంతోనే లెక్కిస్తారు. 5 శాతం పడితే ఆ ఎత్తుకు సుమారు 80 మార్కులు, 18 శాతం పడితే సుమారు 44. ఈ పద్ధతి సబబే. గెలిచిన ఆటలో మేట్‌కు దగ్గరి దారి వదిలేసి నింపాదిగా ఆడినవాళ్ళను పాత సెంటీపాన్ సగటు అన్యాయంగా శిక్షిస్తుంది, ఇది శిక్షించదు.

కానీ ఆట మొత్తానికి వచ్చే శాతం గురించి మురిసిపోవడమూ, కుంగిపోవడమూ రెండూ అనవసరం. పన్నెండో ఎత్తుకే మంత్రులు, ఏనుగులు మార్చేసుకుని ముప్పయ్యో ఎత్తుకు డ్రా చేసుకున్న ఆటలో ఇద్దరికీ 95 పైన వస్తుంది. రాజులిద్దరూ నడిబోర్డులో చిక్కుకున్న ఆటలో అంతకంటే ఎంతో బాగా ఆడినవాళ్ళకు 80 రావచ్చు. ఆ శాతం ఆట ఎంత సంక్లిష్టంగా ఉందో కలుపుకుని వచ్చే అంకె. ఒక ఆట శాతాన్ని ఇంకో ఆట శాతంతో పోల్చకండి.

స్టాక్‌ఫిష్ విలువ కూడా మనిషి అనుకునే విలువ కాదు. 15.1 వెర్షన్ నుంచి +1.00 అంటే స్టాక్‌ఫిష్ తనతో తాను ఆడుకుంటే ఆ స్థానం నుంచి సగం ఆటలు గెలుస్తుందని అర్థం వచ్చేలా సర్దారు. క్లబ్ స్థాయిలో +0.6, -0.4 లాంటి తేడాల కోసం రాత్రంతా కూర్చోవడం దండగ. ఎవరి స్థానం ఆడటం తేలిక అన్నదే అక్కడ ప్రశ్న. 0.00 అని చూపించే స్థానం కూడా చల్లగా ఉంటుందనుకోకూడదు. టూ నైట్స్ అనే ఓపెనింగ్‌లో (దాని ఎత్తులు కింద ఉన్నాయి) తెల్ల గుర్రం జి5కు నల్ల బిషప్ సి5 ఆడే ట్రాక్స్‌లర్ అనే దారి తీసుకోండి. తెల్ల గుర్రంతో ఎఫ్7 కొడితే నల్ల బిషప్‌తో ఎఫ్2 కొట్టి చెక్ ఇస్తుంది. అక్కడి నుంచి ఇంజిన్ దృష్టిలో ఆట దాదాపు సమానం. బోర్డు మీద మాత్రం ఒక్క ఎత్తు తప్పినవాళ్ళు మునిగిపోతారు. తెల్లకు ఎఫ్7ను గుర్రంతో కాక బిషప్‌తో కొట్టి చెక్ ఇవ్వడమే మేలని ఇంజిన్లూ, పుస్తకాలూ ఒకే మాట చెబుతాయి.

సర్వర్ నివేదికలో అన్నిటికంటే విలువైనది గ్రాఫు. అందులో వెతకాల్సింది పెద్ద పతనాలను కాదు. సూదిలా లేచి, మరుసటి ఎత్తుకే మళ్ళీ పాత మట్టానికి వచ్చిన చోట్లను వెతకండి. అంటే ఒకరు బ్లండర్ చేశారు, రెండోవాళ్ళు దాన్ని చూడలేదు. ఇద్దరు క్లబ్ ఆటగాళ్ళ ఆటలో ఇలాంటివి చాలాసార్లు కనిపిస్తాయి, ఆట ఫలితాన్ని మార్చవు కాబట్టి ఎవరికీ గుర్తుండవు. ఇద్దరూ ఒకే దాన్ని చూడలేకపోయారంటే ఆ స్థాయిలో కళ్ళు అలవాటుగా దాటిపోయే విషయం అక్కడ ఉందని అర్థం. అలాంటి చోట్లను ఏరి, కారణం పేరు పెట్టి రాసుకోండి: వెనక వరుస ఖాళీ, కట్టేసిన పావును కాపలాగా లెక్కపెట్టడం, మధ్యలో దూరే చెక్, వెనక్కి వెళ్ళే గుర్రం ఎత్తు, పక్కకు జరిగే మంత్రి ఎత్తు. పది ఆటల తర్వాత ఆ జాబితాలో ఒకటి రెండు పేర్లే పదేపదే వస్తాయి. సాధన దేని మీద చేయాలో అది తేల్చేస్తుంది.

మంచి ఎత్తుకు ఈ సేవ ఏ ముద్రా వేయదన్నది గమనించండి. యంత్రం వేసేవన్నీ లోపాల ముద్రలే. ఇరవై నిమిషాలు ఆలోచించి ఆడిన కష్టమైన ఎత్తు నివేదికలో మామూలు ఎత్తులాగే ఉంటుంది. ఆశ్చర్యార్థకం మీరే పెట్టుకోవాలి, స్టడీలో దానికి గుర్తులున్నాయి.

బ్రౌజర్ ఇంజిన్‌తో నిలదీయడం

సర్వర్ ఒక్కో ఎత్తుకు కొంత లెక్క మాత్రమే వేసి ముందుకు వెళ్తుంది. నమ్మబుద్ధి కాని తీర్పు కనిపిస్తే బ్రౌజర్‌లోని స్టాక్‌ఫిష్‌ను ఆ స్థానంలో నిలిపి నడపండి. ఎల్ మీట దాన్ని ఆన్ చేస్తుంది. అది చూపించే ఎత్తుల వరుసల సంఖ్యను మూడుకు పెంచండి, ఐదు వరకు కుదురుతుంది. ఒక్క వరుస చూస్తే జవాబు మాత్రమే తెలుస్తుంది. మూడు చూస్తే ప్రశ్న ఎంత కష్టమో తెలుస్తుంది. మొదటి వరుస -0.2, రెండోది -0.3, మూడోది -0.3 అయితే అక్కడ ఏది ఆడినా ఫరవాలేదు. మొదటిది -0.2, రెండోది -3.5 అయితే బతికించే ఎత్తు ఒక్కటే ఉందన్నమాట. దాన్ని కనుక్కోలేకపోవడం ఆ స్థాయిలో సహజం. అసలు తప్పు ఒకే ఎత్తు మీద ఆధారపడే స్థితికి రావడం. అక్కడి నుంచి ఒక్కో ఎత్తూ వెనక్కి జరుగుతూ, మూడు వరుసలూ దగ్గరదగ్గరగా ఉన్న స్థానం దాకా వెళ్ళండి. 27వ ఎత్తులో మంత్రి బంటును కొడితే వెనక వరుసలో మేట్ పడిందనుకుందాం. ముద్ర 27 మీద ఉంటుంది. వెనక్కి నడిస్తే, 21వ ఎత్తులో హెచ్3 ఆడటానికి తీరిక ఉన్నప్పుడు ఏనుగును అటూ ఇటూ జరిపారని తేలుతుంది. రాసుకోవాల్సింది 21 గురించి.

ఎక్స్ మీట గురించి ఎంత చెప్పినా తక్కువే. దాన్ని నొక్కితే, మీ వంతు వదిలేస్తే ప్రత్యర్థి ఏం చేస్తారో ఎర్ర బాణంతో చూపిస్తుంది. టూ నైట్స్‌లో తెల్ల గుర్రం జి5కు వచ్చిన స్థానంలో నొక్కి చూడండి, ఎఫ్7 మీద పడబోయే దెబ్బ కనిపిస్తుంది. క్లబ్ ఆటల్లో సగం బ్లండర్లు సొంత పథకం తప్పై జరిగినవి కావు, ఎదుటివాళ్ళ చివరి ఎత్తు ఏం బెదిరిస్తోందో చూడకపోవడం వల్ల జరిగినవి. ఇంజిన్ మంచి ఎత్తు చూపిస్తే "ఎందుకు?" అన్నది మిగిలిపోతుంది. ముప్పు చూపిస్తే చాలాసార్లు ఆ ఎందుకుకు జవాబు అక్కడే దొరుకుతుంది. రాజు చెక్‌లో ఉన్నప్పుడు మాత్రం ఇది పనిచేయదు, చెక్‌లో ఉండి వంతు వదిలేయడం కుదరదు కాబట్టి.

ఇంజిన్ ఎంత లోతుకు చూసిందో చెప్పే డెప్త్ అంకె గురించి ఒక్క మాట. విలువ ఊగుతున్నంతసేపు నమ్మకండి. 25 దాటాక కూడా మొదటి వరుస మారుతూనే ఉంటే ఇంకాసేపు వదిలేయండి. ఫోన్‌లో ఇది బ్యాటరీని తినేస్తుంది, పరికరం వేడెక్కి వేగం తగ్గుతుంది. ఇంజిన్ మెనూలో చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌తో వచ్చే రూపం ఉంటుంది, ఫోన్‌కు అది చాలు. స్టడీ రాతపని మాత్రం పెద్ద తెర మీదే చేయండి.

ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్: రెండు డేటాబేస్‌లు, రెండు జవాబులు

ఎక్స్‌ప్లోరర్‌లో మాస్టర్ల ఆటలు ఒక గది, లీచెస్‌లో జరిగిన ఆటలు ఇంకో గది, ఒక ఆటగాడి సొంత ఆటలు మూడో గది. రెండో గదిలో రేటింగ్, ఆట వేగం ఫిల్టర్లున్నాయి. ఆ ఫిల్టర్లు వాడకుండా ఎక్స్‌ప్లోరర్ చూడటం క్లబ్ ఆటగాడికి నష్టం.

ఉదాహరణకు టూ నైట్స్‌లోనే: ఇ4 ఇ5, గుర్రం ఎఫ్3 గుర్రం సి6, బిషప్ సి4 గుర్రం ఎఫ్6, గుర్రం జి5 డి5, బంటు డి5 కొట్టింది. మాస్టర్ల గదిలో నల్లకు గుర్రం ఎ5 ప్రధాన దారి, గుర్రంతో డి5 కొట్టడం అరుదు. క్లబ్ స్థాయి ఫిల్టర్ పెట్టి లీచెస్ గదికి వెళ్తే డి5ను గుర్రంతో కొట్టడం మామూలైపోతుంది, తెల్ల ఫలితాలూ అక్కడ బాగుంటాయి. తర్వాత తెల్లకు రెండు దారులు: ఎఫ్7 మీద గుర్రం బలి, లేదా ముందు డి4. రెండూ బలమైనవే. బలి ఇస్తే రాజు కొడుతుంది, మంత్రి ఎఫ్3 చెక్, రాజు ఇ6కు వచ్చి డి5 గుర్రాన్ని కాపాడాలి, తెల్ల గుర్రం సి3. నల్ల ఇక్కడ కచ్చితంగా ఆడితే ఆట ఇంకా ఉంటుంది. కానీ నడిబోర్డులో రాజును పెట్టుకుని కచ్చితంగా ఆడటం ఎంత కష్టమో ఫిల్టర్ పెట్టిన ఫలితాల పట్టీ చూస్తే తెలుస్తుంది. మాస్టర్ల గది సరైన ఎత్తు చెబుతుంది, రెండో గది వచ్చే శనివారం ఎదురుగా కూర్చునేవాళ్ళు ఏం ఆడతారో చెబుతుంది. సన్నద్ధతకు రెండూ కావాలి.

రేటింగ్ ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు ఒక సవరణ అవసరం. లీచెస్ వాడేది గ్లికో-2 అనే రేటింగ్ పద్ధతి, కొత్త ఖాతా 1500 దగ్గర మొదలవుతుంది. సాధారణంగా ఒకే మనిషికి ఇక్కడి అంకె ఫిడే రేటింగ్ కంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి ఫిడే 1600 ప్రత్యర్థి కోసం చూస్తుంటే 1800, 2000 గడులు ఎంచుకోండి. అతి వేగంగా ఆడే బుల్లెట్, బ్లిట్జ్ తీసేసి ర్యాపిడ్, క్లాసికల్ మాత్రమే ఉంచండి. ఆటల సంఖ్య వందలోపు పడితే ఆ శాతాలకు విలువ ఇవ్వకండి.

టేబుల్‌బేస్

బోర్డు మీద రాజులతో కలిపి ఏడు పావులు, అంతకన్నా తక్కువ మిగిలితే ఎక్స్‌ప్లోరర్ తనంతట తనే టేబుల్‌బేస్‌గా మారుతుంది. ఇది అంచనా కాదు, పూర్తిగా తేల్చిన జవాబు. రొనాల్డ్ డి మాన్ రూపొందించిన సిజిజీ పద్ధతిలో తయారైంది, ఏడు పావుల సెట్టు 2018లో పూర్తయింది. హెచ్ వరుస బంటు, తెల్లగడి బిషప్ ఉన్నా నల్ల రాజు హెచ్8 మూల చేరితే డ్రా అని ఒక్క చూపులో చెప్పేస్తుంది. ఆ గడి నల్లది కాబట్టి బిషప్ దాన్ని ఎన్నటికీ అందుకోలేదు. చివరి బంట్ల మార్పిడికి ముందు ఈ సంగతి గుర్తుంటే అర పాయింటు దక్కేది అనిపించే ఆటలు ఏ క్లబ్‌లోనైనా దొరుకుతాయి.

అయితే ఎత్తుల పక్కన కనిపించే డీటీజెడ్ అంకె మేట్‌కు ఎన్ని ఎత్తులు అన్నది కాదు. తర్వాతి బంటు కదలికకో, పావు కొట్టడానికో ఎంత దూరం అన్న లెక్క అది, యాభై ఎత్తుల నియమం కోసం పెట్టింది. అందుకే పట్టీలో పైన ఉన్న ఎత్తు కొన్నిసార్లు పావును ఊరికే ఇచ్చేసినట్టు కనిపిస్తుంది. లెక్కప్రకారం అది గెలుపే, మనిషి ఆడాల్సిన పద్ధతి మాత్రం కాదు. ఒకవైపు ఏనుగు, బంటు, రెండోవైపు ఏనుగు మిగిలిన ముగింపుల్లో లూసెనా స్థానం వంటివి పుస్తకం పద్ధతిలోనే నేర్చుకోండి: తెల్ల రాజు జి8, బంటు జి7, నల్ల రాజును ఏనుగు చెక్‌తో డి7కు తోసి, ఏనుగును నాలుగో వరుసకు తెచ్చి, చెక్‌ల నుంచి రాజు బయటపడటానికి అడ్డు కట్టడం. తర్వాత టేబుల్‌బేస్‌ను తనిఖీకి వాడండి. మీ ఎత్తు గెలుపు గడిలోనే ఉందా లేదా అన్నది చాలు, అంకె చిన్నదా పెద్దదా అనవసరం. "యాభై ఎత్తుల నియమం వల్ల గెలుపు ఆగింది" అన్న గుర్తు కనిపిస్తే, సిద్ధాంతపరంగా గెలుపు ఉన్నా నియమం ప్రకారం ప్రత్యర్థి డ్రా అడగవచ్చని అర్థం.

అదే స్థానంలో "కంప్యూటర్‌తో సాధన" బటన్ నొక్కి స్టాక్‌ఫిష్‌కు ఎదురుగా ఆడి చూడటం ఇంకా మంచిది. గెలుపు స్థానం చేతికొచ్చినా గెలవలేకపోయిన ఆటకు ఇంతకన్నా సూటి వైద్యం సైటులో ఇంకోటి లేదు.

లోటుపాట్లు

పెద్ద లోటు, మాటలు లేకపోవడం. ఎత్తు తప్పని చెబుతుంది, మెరుగైనది చూపిస్తుంది, కారణం చెప్పదు. "తప్పుల నుంచి నేర్చుకోండి" బటన్ ఆ స్థానాలను తిరిగి ప్రశ్నలుగా అడుగుతుంది, దాదాపు అంతే మంచిదైన వేరే ఎత్తునూ ఒప్పుకుంటుంది, అయినా వివరణ ఇవ్వదు. 1200 లోపు రేటింగ్ ఉన్న ఆటగాడికి ఒంటరిగా ఇది చాలదు, పక్కన చెప్పేవాళ్ళు ఉండాలి. 1500 దాటి, ఎక్స్ మీట, మూడు వరుసలు వాడటం అలవాటైనవాళ్ళకు వివరణ లేకపోవడం పెద్ద కొరత అనిపించదు.

రెండో ఫిర్యాదు, ఇంత మంచి సెట్టింగులు ఎక్కడో లోపల దాగి ఉండటం. స్టడీలో ఇంజిన్ మూసే వరుస, ఎక్స్‌ప్లోరర్ ఫిల్టర్లు, ముప్పు మీట, ఇవేవీ కొత్తవాళ్ళ కంట పడవు. విశ్లేషణ బోర్డులో ప్రశ్నార్థకం మీట నొక్కితే మీటల జాబితా వస్తుంది, మొదటిరోజే ఒకసారి చదివేయండి.

ఆట నడుస్తుండగా ఇవేవీ తెరవకూడదని వేరే చెప్పక్కర్లేదు గానీ, కరెస్పాండెన్స్ ఆటల (ఒక్కో ఎత్తుకు రోజుల సమయం ఉండేవి) విషయంలో ఒక తేడా తెలియాలి. లీచెస్ కరెస్పాండెన్స్‌లో ఓపెనింగ్ డేటాబేస్ చూడొచ్చు, ఇంజిన్ చూడకూడదు. బోర్డు టోర్నమెంట్లలో ఆట జరుగుతున్నంతసేపు ఫోన్ దగ్గర పెట్టుకోవడమే నిషిద్ధం. మీ ఆట అయిపోయినా హాల్‌లో విశ్లేషణ వద్దు, పక్క బోర్డుల వాళ్ళు ఇంకా ఆడుతుంటారు.

స్టడీ మొత్తాన్ని ఒకే పీజీఎన్ ఫైల్‌గా దించుకోవచ్చు. వ్యాఖ్యలు, వేరియేషన్లు, బాణాలు అన్నీ అందులో ఉంటాయి, ఏ చెస్ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఆ ఎత్తులు, వ్యాఖ్యలు తెరుచుకుంటాయి. టోర్నమెంట్ ముగిసిన ప్రతిసారీ ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.